స్పీడ్ బ్రేకర్ ఎక్కితే మీటర్ బోర్డు మొత్తం పోతోంది, ఇంజిన్ మాత్రం ఆగట్లేదు. క్యాన్ లైన్లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

తణుకు_వైరింగ్
మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తణుకులో చిన్న ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు నాది. సెల్ఫ్, డైనమో, వైరింగ్ పనులు తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. బండిలో పడ్డ తప్పుల కోడ్లు చదివే స్కానర్ కొని ఏడాదిన్నర అయింది. సెన్సర్ కోడ్ వస్తే సెన్సర్, దాని వైరు, దాని ఎర్త్ చూసి తేల్చేస్తాను. బండిలోని మాడ్యూళ్లు (చిన్న కంప్యూటర్లు) క్యాన్ లైన్ అనే రెండు వైర్ల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేకపోతే పడే 'యూ'తో మొదలయ్యే కోడ్లు వస్తే మాత్రం ఇప్పటికీ ఎటు పోవాలో తెలియట్లేదు.

బండి 2018 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. అత్తిలి వైపు ఒక హైస్కూల్ హెడ్మాస్టర్ గారిది. కంప్లైంట్ ఏమిటంటే, స్పీడ్ బ్రేకర్ ఎక్కినా, గుంటలో పడినా ఉన్నట్టుండి మీటర్ బోర్డులో లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఆర్‌పీఎం ముల్లు సున్నాకి పడిపోతుంది, టెంపరేచర్ ముల్లు కూడా అంతే. స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుపోతుంది. రెండు మూడు సెకన్లలో మళ్లీ మామూలవుతుంది, ఒక్కోసారి అర నిమిషం పడుతుంది. ఇంజిన్ చప్పుడులో మాత్రం తేడా ఉండదు. నేనే పక్కన కూర్చుని వెళ్లాను, ఒక్క కుదుపు కూడా లేదు. రెండుసార్లు పొద్దున్నే స్టార్ట్ కాలేదట. సెల్ఫ్ తిరిగింది, తాళం గుర్తు లైటు టపటపా కొట్టుకుంది, ఇంజిన్ అందుకోలేదు. పది నిమిషాల తర్వాత తాళం తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది.

నా దగ్గరకు రాకముందే ఆయన కొత్త బ్యాటరీ వేయించారు, ముందు ఎడమ చక్రం సెన్సర్ మార్పించారు. చివరికి ఒకచోట 'ఈసీఎం పోయింది, 48 వేలు అవుతుంది' అని కాగితం రాసిచ్చారు. ఈసీఎం అంటే ఇంజిన్‌ని నడిపే మాడ్యూల్. ఆ కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. కూతురి పెళ్లి పెట్టుకున్న మనిషి. 48 వేలు పెట్టాక కూడా తప్పు అలాగే ఉంటే ఆయన మొహం ఎలా చూడాలో అని నాకు టెన్షన్.

నేను చూసినవి: బ్యాటరీ 12.6 వోల్టులు, స్టార్ట్ చేస్తే ఛార్జింగ్ 14.2. ఇంజిన్ ఎర్త్, బాడీ ఎర్త్ బాగున్నాయి. బ్యాటరీ టెర్మినల్ తీసి స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో, క్యాన్ లైన్ వచ్చే 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే 61 ఓమ్‌లు వచ్చింది. 60 దగ్గర ఉంటే లైన్ బాగున్నట్టే అని అన్ని వీడియోల్లోనూ చెబుతారు కదా. మరి లైన్ బాగుంటే మాడ్యూలే పోయిందనుకోవాలా?

కోడ్లు ఇలా ఉన్నాయి. మీటర్ బోర్డులో యూ0100, యూ0121. స్టీరింగ్ మాడ్యూల్లో కూడా అవే రెండు. బాడీ మాడ్యూల్లో యూ0100. ఇంజిన్లో యూ0140, యూ0155. బ్రేకుల మాడ్యూల్ ఏబీఎస్‌లో యూ0140. అన్నీ పాత కోడ్లుగా చూపిస్తున్నాయి. చెరిపేస్తే పోతాయి, రెండు స్పీడ్ బ్రేకర్లు దాటితే మళ్లీ వస్తాయి.

తెలిసినవాళ్లు దారి చూపించండి.

---

డీజిల్_ప్రియుడు
మంగళవారం, రాత్రి 10:15

యూ0100 అంటే ఇంజిన్ ఈసీఎంతో కమ్యూనికేషన్ పోయిందని. మూడు మాడ్యూళ్లలో అదే కోడ్ ఉంది కాబట్టి ఈసీఎం మీదే అనుమానం. మా బావమరిది బండికి ఇలాగే వస్తే ఈసీఎం రిపేర్ చేయిస్తే పోయింది. కొత్తది కాకుండా రిపేర్ చేసేవాళ్లకు పంపితే తక్కువలో అవుతుంది, కనుక్కోండి.

---

కాకినాడ_ట్రావెల్స్
బుధవారం, ఉదయం 6:50

ఏమైనా ఎక్స్‌ట్రా ఫిట్టింగులు ఉన్నాయేమో ముందు చూడండి. మా 12 సీట్ల బండికి జీపీఎస్ ట్రాకర్ బిగించిన కుర్రాడు ఓబీడీ సాకెట్ వెనక వైర్లకు గాటు పెట్టి కలిపాడు. నెల రోజులు ఏబీఎస్ లైటు, చెక్ ఇంజిన్ లైటు వంతులవారీగా వెలిగాయి. ట్రాకర్ తీసేసి ఆ గాట్లు బాగుచేయిస్తే అయిపోయింది. రివర్స్ కెమెరా, రిమోట్ లాక్, బయట వేయించిన మ్యూజిక్ సిస్టమ్, అన్నీ విప్పి పక్కన పెట్టి చూడండి.

---

ఆటోనగర్_26ఏళ్లు
బుధవారం, ఉదయం 11:20

తమ్ముడూ, ఆ ఈసీఎం మార్చొద్దు. రిపేర్‌కి కూడా పంపొద్దు. బండి మీద నుంచి అది దిగకూడదు. నువ్వు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది.

ఇంజిన్ చప్పుడు మారలేదు అన్నావు. ఆర్‌పీఎం ముల్లు సున్నాకి పడింది అన్నావు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడు. ఈసీఎం పనిచేయకపోతే ఇంజెక్టర్లను తెరిచేదెవరు? డీజిల్ ఇంజిన్ అరసెకను కూడా నిలవదు. అది తన పని తాను చేస్తోంది. దాని మాట మీటర్ బోర్డు దాకా రావట్లేదు, అంతే. పొద్దున స్టార్ట్ కాకపోవడం కూడా అదే. తాళం తిప్పినప్పుడు బాడీ మాడ్యూలూ ఈసీఎమ్మూ ఇమ్మొబిలైజర్ (దొంగతాళంతో స్టార్ట్ కానీయని ఏర్పాటు) కోసం ఒకదాన్నొకటి పలకరించుకోవాలి. ఆ క్షణంలో లైన్ తెగి ఉంటే ఈసీఎం డీజిల్ ఇవ్వదు. ఒకసారి స్టార్ట్ అయ్యాక మళ్లీ అడగదు, అందుకే రోడ్డు మీద ఇంజిన్ ఆగట్లేదు.

ఇక కోడ్లు. యూ కోడ్ ఏ మాడ్యూల్లో పడిందో ఆ మాడ్యూల్ చెడిందని కాదు. 'ఫలానావాడు నాకు వినపడట్లేదు' అని అది రాసి పెట్టుకున్న ఫిర్యాదు. పక్కింటివాడు తలుపు తీయలేదంటే వాడికి జబ్బు చేసి ఉండొచ్చు, మధ్యలో గేటుకు తాళం పడి ఉండొచ్చు. అందుకని ఎవరి మీద ఫిర్యాదు ఉందో ఒక్కటే చూడకు, ఎవరి మీద లేదో కూడా చూడు. ఈ రెండోదే చాలామంది చూడరు.

ఒక తెల్ల కాగితం తీసుకుని ఐదు పేర్లు రాయి. మీటరు, స్టీరింగ్, బాడీ, ఇంజిన్, ఏబీఎస్. 0100 అంటే ఇంజిన్, 0121 అంటే ఏబీఎస్, 0140 అంటే బాడీ, 0155 అంటే మీటర్ బోర్డు. ఎవరు ఎవర్ని వినపడట్లేదంటున్నారో బాణాలు గీయి. మీటరు నుంచి ఇంజిన్‌కి, ఏబీఎస్‌కి. స్టీరింగ్ నుంచి కూడా ఆ రెండింటికే. బాడీ నుంచి ఇంజిన్‌కి. అటు నుంచి ఇంజిన్ బాడీ మీద, మీటర్ మీద చెబుతోంది. ఏబీఎస్ బాడీ మీద చెబుతోంది.

ఇప్పుడు లేని బాణాలు చూడు. ఏబీఎస్ ఇంజిన్ మీద ఒక్క మాట అనలేదు. ఇంజిన్ ఏబీఎస్ మీద అనలేదు. మీటరూ స్టీరింగూ బాడీ వాళ్లలో వాళ్లు ఏమీ అనుకోలేదు. ఈసీఎమ్మే పోయుంటే అందరికంటే ముందు ఏబీఎస్ గోల పెట్టాలి, దానికి ఇంజిన్ సమాచారం క్షణక్షణం కావాలి. అది నోరు మెదపలేదంటే ఆ సమయంలో కూడా ఆ రెండూ మాట్లాడుకుంటూనే ఉన్నాయి.

అంటే రెండు జట్లు అయ్యాయి. డ్యాష్‌బోర్డు లోపల మూడు ఒక జట్టు, బానెట్ కింద రెండు ఇంకో జట్టు. జట్టులో అంతా బాగుంది, జట్టుకీ జట్టుకీ మధ్య తెగుతోంది. మీటర్ బోర్డు నుంచి ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ) కన్నంలోని రబ్బరు గ్రోమెట్ దాటి ఏబీఎస్ దాకా వెళ్లే రెండు మెలికల వైర్లున్నాయే, నీ తప్పు ఆ దారిలోనే ఎక్కడో ఉంది. మాడ్యూల్లో లేదు.

మరి 61 ఎలా వచ్చిందంటావు. ఈ లైన్‌కి రెండు చివర్లా రెండు 120 ఓమ్‌ల రెసిస్టర్లుంటాయి. రెండూ ప్యారలల్‌గా కలిసి 60 చూపిస్తాయి. నువ్వు కొలిచిన ఆ నిమిషంలో తెగిన చోటు అతుక్కుని ఉంది, అందుకే 61. షెడ్డులో నిలబడ్డ బండి, కదలిక లేదు, ఎందుకు తెగుతుంది? 61 అనేది ఆ నిమిషానికి సంబంధించిన మాటే. స్పీడ్ బ్రేకర్ మీద ఎంతుందో నీ మల్టీమీటరుకి తెలియదు.

అందుకని ఇలా చెయ్యి. బ్యాటరీ మైనస్ తీసి ఒక పది నిమిషాలు వదిలెయ్. ఓబీడీ సాకెట్‌లోకి మల్టీమీటర్ లావు పిన్నులు దూర్చకు, లోపలి రేకు వెడల్పయి రేపు స్కానర్ లూజు కాంటాక్టు అవుతుంది. సన్నటి పిన్నులు పెట్టి క్లిప్పులు తగిలించు. మల్టీమీటర్ చూడ్డానికి ఒక కుర్రాణ్ణి లోపల కూర్చోబెట్టు. నువ్వు బానెట్ కింద గ్రోమెట్ దగ్గర మొదలుపెట్టి ఏబీఎస్ దాకా వైరింగ్‌ని బెత్తెడు బెత్తెడు చొప్పున పట్టుకుని కదుపు. లాగొద్దు, కదుపు చాలు. 61 ఉన్నది 120 దగ్గరికి ఎగిరిందంటే నీ చెయ్యి ఎక్కడుందో అక్కడే తప్పు. 120 వచ్చిందంటే ఒక రెసిస్టర్ దూరమైపోయిందని. అవతలి రెసిస్టర్ చాలా బళ్లలో ఈసీఎంలోనే ఉంటుంది, అయినా డయాగ్రామ్‌లో చూసుకో. ఒకవేళ సున్నా దగ్గరికి పడితే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి. అది వేరే కథ.

బల్బు టెస్ట్ ల్యాంపు మాత్రం ఆ వైర్ల దగ్గరికి తీసుకెళ్లకు. మన పాత అలవాటు కొద్దీ ముల్లు గుచ్చుతాం. ఆ బల్బు లాగే కరెంటుకి ఈ లైన్ తట్టుకోలేదు, పైగా గుచ్చిన కన్నంలోంచి నీళ్లు దిగి ఏడాదిలో రాగి తినేస్తుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఒకసారి తప్పు చేశాను. 2024 సెప్టెంబరులో ఇక్కడ విజయవాడలో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్ నగర్‌లో బళ్లన్నీ నీళ్లలో నానిపోయాయి. అందులో ఒక బండి శుభ్రం చేసి ఇచ్చాక ఏడు నెలలకు ఇలాంటి కోడ్లతోనే నా దగ్గరకు తిరిగొచ్చింది. నేను కాగితం గీయలేదు. బాడీ మాడ్యూల్ మీద అనుమానంతో 19 వేలు పెట్టి తెప్పించి వేశాను. రెండు రోజులకు మళ్లీ అదే. చివరికి ఎడమ వైపు కార్పెట్ కింద జాయింట్ కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్గు) విప్పితే రెండు పిన్నులు పచ్చటి చిలుముతో పూడిపోయి ఉన్నాయి. గోరుతో గీకితే పొడి రాలింది. ఆ 19 వేలు ఆయన దగ్గర తీసుకోలేదు, నేనే కట్టుకున్నాను. అప్పటి నుంచి యూ కోడ్ వస్తే కాగితం లేకుండా కప్లర్ ముట్టుకోను.

ఇంకొకటి. ఈసారి ఫాల్టు నిలబడినప్పుడు, ఆ అర నిమిషంలోనే స్కానర్‌తో ఇంజిన్ తెరిచి చూడు, తర్వాత స్టీరింగ్ తెరిచి చూడు. ఎవరు పలుకుతున్నారో రాయి.

---

బిట్‌రేట్_500
బుధవారం, రాత్రి 8:05

ఆటోనగర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను బెంగళూరులో ఈసీయూ (బండి కంప్యూటర్ల) సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను, మాది నరసాపురం. వారు చెప్పినదానికి లోపల జరిగేది కొంచెం కలుపుతాను.

మామూలు కార్లలో ఇంజిన్ వైపు క్యాన్ లైన్ సెకనుకు 5 లక్షల బిట్ల వేగంతో నడుస్తుంది. ఒక్క బిట్ నిడివి 2 మైక్రో సెకన్లు. ఎవరూ మాట్లాడనప్పుడు రెండు వైర్లూ 2.5 వోల్టుల దగ్గర ఉంటాయి. మాట్లాడేటప్పుడు హై వైరు 3.5కి ఎగురుతుంది, లో వైరు 1.5కి దిగుతుంది. మల్టీమీటర్ ఇంత వేగం చూడలేదు, సగటు చూపిస్తుంది. అందుకే ఇగ్నిషన్ ఆన్‌లో కొలిస్తే హై వైరు మీద 2.6 లేదా 2.7, లో వైరు మీద 2.3 లేదా 2.4 కనిపిస్తుంది. రెండూ కూడితే 5 దగ్గరికి రావాలి. బాగా తేడా వస్తే ఒక వైరు ఎర్త్‌కో, ప్లస్‌కో తగులుతోందని అనుమానించండి.

కుదుపు క్షణమే అయినా లైట్లు రెండు మూడు సెకన్లు ఎందుకు ఉంటున్నాయో కూడా చెబుతాను. ప్రతి మాడ్యూల్లో తప్పుల లెక్క ఒకటి ఉంటుంది. పంపిన మెసేజ్ పాడైతే లెక్కలో 8 కలుస్తుంది, సరిగ్గా వెళితే 1 తగ్గుతుంది. 255 దాటితే ఆ మాడ్యూల్ తానే లైన్ నుంచి తప్పుకుంటుంది. ఈ వేగంలో వరసగా తప్పులు పడితే అక్కడికి చేరడానికి కొన్ని మిల్లీ సెకన్లు చాలు. వైరు మళ్లీ అతుక్కున్నా, ఆ మాడ్యూల్ తిరిగి లైన్లోకి రావాలి, మిగతావి దాని మెసేజ్‌లు వరసగా కొన్ని విని నమ్మాలి, అప్పుడు లైట్లు ఆరతాయి. ఒకసారి మాట తప్పినవాణ్ణి వెంటనే నమ్మం కదా, అలాగే.

తెగినప్పుడు కూడా రెండు జట్లూ ఎలా బతుకుతున్నాయంటే, ఒక్కో జట్టుకి ఒక్కో 120 ఓమ్‌ల రెసిస్టర్ మిగిలింది. కారులో వైరు పొడవు కొన్ని మీటర్లే కాబట్టి ఒక రెసిస్టర్‌తో చాలాసార్లు నెట్టుకొస్తుంది. అదే కొత్త బళ్లలో ఓబీడీ సాకెట్ వెనక గేట్‌వే మాడ్యూల్ (సాకెట్‌కీ లోపలి లైన్లకీ మధ్య ఉండేది) ఉంటే 6, 14 మధ్య కొలిచింది లోపలి లైన్లది కాకపోవచ్చు. మీ 2018 బండిలో 61 వచ్చింది కాబట్టి, కదిపినప్పుడు మారితే నేరుగా అదే లైన్ అని నమ్మొచ్చు.

---

తణుకు_వైరింగ్
బుధవారం, రాత్రి 10:30

గురువు గారూ, కాగితం గీశాను. నిజంగానే రెండు జట్లయ్యాయి. తొమ్మిదేళ్లలో కోడ్లను ఇలా చూడొచ్చని నాకు తట్టలేదు. బెంగళూరు సార్‌కి కూడా థాంక్స్. ట్రావెల్స్ అన్నా, బండిలో ట్రాకర్ లేదు, కెమెరా లేదు, మ్యూజిక్ సిస్టమ్ కంపెనీదే. హెడ్మాస్టర్ గారు యాక్సిడెంట్ ఏమీ లేదన్నారు. రేపు ఒక డైనమో పని డెలివరీ ఉంది, శుక్రవారం ఈ బండి మీదే కూర్చుంటాను.

---

తణుకు_వైరింగ్
శనివారం, రాత్రి 9:10

దొరికింది.

మొదట గురువు గారు చెప్పినట్టు ఫాల్టు నిలబడినప్పుడు స్కాన్ చేశాను. షెడ్డు ముందు డ్రెయినేజీ పలక మీద ముందు చక్రం ఎక్కించి దించితే నాలుగోసారికి మీటరు పోయింది. ఇంజిన్ నడుస్తూనే ఉంది. స్కానర్‌లో ఇంజిన్ తెరిస్తే 'సమాధానం లేదు', ఏబీఎస్ తెరిచినా అదే. స్టీరింగ్, మీటర్, బాడీ మూడూ చక్కగా తెరుచుకున్నాయి. చెవికి ఇంజిన్ వినపడుతోంది, స్కానర్‌కి వినపడట్లేదు. అప్పుడు ఈసీఎం మీద నాకున్న అనుమానం పూర్తిగా పోయింది.

తర్వాత బ్యాటరీ మైనస్ తీసి, సన్నటి గుండుసూదులు సోల్డర్ చేసిన క్లిప్పులు పెట్టి, మా తమ్ముణ్ణి మల్టీమీటర్ దగ్గర కూర్చోబెట్టాను. గ్రోమెట్ దగ్గర కదిపితే 61. బ్యాటరీ ట్రే కింద కదిపితే 61. ఫ్యూజ్ బాక్స్ వెనక 61. ఎడమ హెడ్‌లైటు వెనక నుంచి ఏబీఎస్ వైపు మలుపు తిరిగే చోట పట్టుకోగానే 'అన్నా, 118' అని అరిచాడు. వదిలితే 61. మళ్లీ పట్టుకుంటే 119. ఇరవైసార్లు చేసి ఉంటాను, నమ్మకం కుదిరేదాకా.

అక్కడ వైరింగ్ మీద కంపెనీ గుడ్డ టేపు ఆగిపోయి, జానెడు మేర మెరుపు నల్ల టేపు చుట్టి ఉంది. పైనుంచి చూస్తే తెలియదు. విప్పుతుంటే జిగురు కరిగి వేళ్లకి అంటుకుంది. లోపల నాలుగు వైర్లు కోసి మళ్లీ కలిపారు. రెండు లావు వైర్లు బాగానే ఉన్నాయి. క్యాన్ వైర్లు రెండూ చేత్తో మెలితిప్పి వదిలేశారు. సోల్డర్ లేదు, స్లీవ్ లేదు. ఒకదానిలో రాగి నల్లబడి బూడిదలా ఉంది, రెండు పోగులు మాత్రం తగులుతున్నాయి. ఇంకోదాని మీద పచ్చటి చిలుము పట్టింది, పట్టుకోగానే విడిపోయింది. కంపెనీ వేసిన మెలిక ఆ జానెడు పొడవునా లేదు, రెండు వైర్లూ విడివిడిగా పడున్నాయి.

ఫోటో తీసి హెడ్మాస్టర్ గారికి పంపితే అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. కిందటి సంక్రాంతి ముందు చెరుకు ట్రాక్టర్ ట్రాలీ ఎడమ పక్క రాసుకుంటూ పోయిందట. ఫెండరు, హెడ్‌లైటు మార్చి టింకరింగ్ చేయించారు. 'అది యాక్సిడెంట్ అనుకోలేదండీ, గీత పడిందనే అనుకున్నాను' అన్నారు. ఇకమీదట 'యాక్సిడెంట్ అయిందా' అని అడగను. 'టింకరింగ్, పెయింటింగ్ ఎప్పుడైనా చేయించారా' అని అడుగుతాను.

ఇప్పుడు నా ప్రశ్న. దీన్ని సోల్డర్ చెయ్యాలా, క్రింప్ (స్లీవ్ వేసి నొక్కడం) చెయ్యాలా? ఒకరు ఒకలా చెబుతున్నారు.

---

ఆటోనగర్_26ఏళ్లు
శనివారం, రాత్రి 10:45

శభాష్ తమ్ముడూ. ఇరవైసార్లు కదిపి చూశావు చూడు, అది నాకు నచ్చింది.

ముందు ఆ నల్లబడిన రాగిని దయచేసి గీకి వాడొద్దు. పైకి తెల్లగా కనపడుతుంది, ఇన్సులేషన్ లోపలికి నలుపు ఎక్కి ఉంటుంది. ఎర్రగా మెరిసే రాగి వచ్చేదాకా రెండు పక్కలా కోసెయ్. జానెడు కంటే ఎక్కువ పోతుంది, పోనీ. పాత వైరింగ్ సెట్లలోంచి అదే మందం మెలికల జత ఒక ముక్క తీసుకో. తణుకులో దొరక్కపోతే చెప్పు, ఇక్కడి నుంచి బస్సుకి వేస్తాను.

సోల్డరా, క్రింపా అంటే నేను బానెట్ కింద క్రింపే వేస్తాను. సోల్డర్ పోసిన చోట వైరు కడ్డీలా గట్టిపడుతుంది. ఆ గట్టిదానికీ మెత్తదానికీ కలిసే అంచున ఇంజిన్ అదురుకి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. డ్యాష్‌బోర్డు లోపలైతే అదురు తక్కువ, సోల్డర్ చేసినా ఇబ్బంది లేదు. క్రింప్ వేసేటప్పుడు వైరు మందానికి సరిపోయే స్లీవ్ వెయ్యి, పటకారుతో నొక్కకు, క్రింపింగ్ ప్లయర్ వాడు. పైన లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ తొడుగు. వేడి చేసినప్పుడు రెండు చివర్లా జిగురు కొంచెం బయటికి ఉబికి రావాలి. అప్పుడే నీళ్లు దిగవు.

రెండు వైర్ల జాయింట్లు పక్కపక్కన రానీయకు. ఒకటి ఇక్కడైతే రెండోది మూడు నాలుగు వేళ్ల దూరంలో రావాలి. మెలిక విప్పింది జాయింట్‌కి అవసరమైనంతే ఉండాలి, రెండంగుళాలు దాటకూడదు. మిగతా పొడవంతా కంపెనీ ఎలా తిప్పిందో అలాగే తిప్పు. ఆ మెలిక అందానికి కాదు. డైనమో, హెడ్‌లైటు వైర్ల నుంచి వచ్చే అలజడి రెండు వైర్లకీ సమానంగా తగలాలి. సమానంగా తగిలితే మాడ్యూల్ దాన్ని పట్టించుకోదు, ఎందుకంటే అది రెండింటి మధ్య తేడా మాత్రమే చూస్తుంది. హై, లో తారుమారు కాకుండా చూసుకో. తారుమారైతే ఇంజిన్, ఏబీఎస్ రెండూ పలకవు, తప్పుల మీద తప్పులు పంపి మిగతా మూడింటి లైనునీ పడగొడతాయి. రంగు చూసి నమ్మకు, రెండు పక్కలా కంటిన్యుటీ (ఏ చివర ఏ చివరకు కలుస్తుందో) కొట్టి చూడు.

ఆఖరికి గుడ్డ టేపు చుట్టి, బాడీకి క్లిప్పు పెట్టు. ఇదివరకు అక్కడ క్లిప్పు ఉండే ఉంటుంది. ఫెండరు మార్చినప్పుడు అది విరిగి ఉంటుంది, అందుకే వైరింగ్ ఊగి ప్రతి గుంటకీ ఆ జాయింట్ లాగుడు తిన్నది.

---

బిట్‌రేట్_500
ఆదివారం, ఉదయం 9:30

ఆస్కిలోస్కోప్ అందుబాటులో ఉంటే రిపేర్‌కి ముందూ తర్వాతా వేవ్‌ఫామ్ చూడండి. బాగున్న లైన్లో బిట్ అంచులు చదరంగా ఉంటాయి. రెసిస్టర్ ఒకటి దూరమైనప్పుడు అంచుల దగ్గర అల ఎగిసిపడినట్టు కనిపిస్తుంది, కిందికి దిగడం కూడా నెమ్మదిస్తుంది. లేకపోయినా ఫర్వాలేదు, కదిపి చూసే పరీక్షే ఇక్కడ పెద్దది.

---

తణుకు_వైరింగ్
బుధవారం, సాయంత్రం 7:15

పని అయింది గురువు గారూ. అదే మందం జత మా ఊళ్లోనే పాత వైరింగ్ సెట్‌లో దొరికింది. దాదాపు అడుగున్నర ముక్క మార్చాను. జాయింట్లు నాలుగు వేళ్ల ఎడంలో వచ్చాయి, జిగురు తొడుగులు వేశాను. క్లిప్పు మీరు చెప్పినట్టే విరిగి ఉంది, ఫెండర్ కింద ముక్క దొరికింది. కొత్తది కొట్టాను.

తర్వాత బ్యాటరీ తీసి మళ్లీ క్లిప్పులు పెట్టి మొత్తం వైరింగ్ కదిపాను. 60.8 నుంచి కదల్లేదు. ఇగ్నిషన్ ఆన్‌లో హై వైరు 2.66, లో వైరు 2.33. కూడితే 4.99. కోడ్లు చెరిపి, హెడ్‌లైటు వెనక నీళ్ల పైపుతో పావుగంట తడిపి, రాత్రంతా ఆరుబయట వదిలేశాను. పొద్దున మొదటి తాళానికే స్టార్ట్ అయింది. అత్తిలి రోడ్డులో ఉన్న స్పీడ్ బ్రేకర్లన్నీ రెండుసార్లు ఎక్కించాను. స్టీరింగ్ ఒక్కసారి కూడా బిగియలేదు. వచ్చి స్కాన్ చేస్తే ఐదు మాడ్యూళ్లలోనూ ఒక్క కోడ్ లేదు.

సామాను, రెండు రోజుల పని కలిపి 2,800 తీసుకున్నాను. హెడ్మాస్టర్ గారు ఆ 48 వేల కాగితం షెడ్డులోనే వదిలి వెళ్లారు. దాని వెనక ఐదు పేర్లూ బాణాలూ నేను గీసినవే ఉన్నాయి, మా తమ్ముడికి దాని మీదే ఇప్పుడు చెబుతున్నాను.